బీడుగా గుర్తించిన చోటు

నూటపది అడుగుల ఎత్తున, గాజు కేబిన్‌లో కూర్చుని, దాలినాయుడు ఆ రోజు మొదటి కంటైనర్‌ను ఓడ మీంచి లేపి లారీ మీద దించాడు. అంగుళం కూడా పక్కకు పోలేదు. కింద నిలబడ్డ ఖలాసీలు కాసేపు నోరు తెరుచుకుని చూసి, తర్వాత చప్పట్లు కొట్టారు. మొన్నమొన్నటి దాకా అతనూ వాళ్లలో ఒకడే. పద్నాలుగేళ్లు అదే ఎండలో ఇనుప తాళ్లు బిగిస్తూ, పైన కూర్చున్నవాడికి చేతులతో సైగలు చేస్తూ గడిపాడు. లేపు, దించు, ఆపు, కొంచెం ఎడమకి. ఇప్పుడవే సైగలు కింద నుంచి ఇంకొకడు తనకు చేస్తుంటే దాలినాయుడికి నవ్వొచ్చింది, వెనకాలే కాస్త ఏడుపూ వచ్చింది.

క్రేన్ నడపడం అతను నేర్చుకుంది లేదు. పదకొండు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు, తలకు టోపీలాంటిది పెట్టుకుని కళ్లు మూసుకు కూర్చున్నాడు, అంతే. ముప్పయ్యేళ్లు ఆ కేబిన్‌లో పనిచేసి దిగిపోయిన గౌస్ మియా చేతి నేర్పును ముందే మూసగా తీసి దాచారు. ఆ మూసను దాలినాయుడి బుర్రలో నాటారు. పన్నెండో రోజున మీటలు పట్టుకోగానే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. గౌస్ మియాకు ఎడమ బొటనవేలితో మీటను తట్టే అలవాటుండేది. పనితోపాటు అదీ వచ్చింది.

మొగలిపేట రేవు యాజమాన్యం దీనికి 'ఎదుగుదల పథకం' అని పేరు పెట్టింది. ఇలాంటి పేర్లు పెట్టడంలో కంపెనీలది అందెవేసిన చెయ్యి. అయితే ఈ ఒక్కసారికి ఆ పేరు మనస్ఫూర్తిగానే పెట్టారని ఒప్పుకోవాలి. పథకం అధికారి ఇందుమతి ఏసీ గదిలో కూర్చునే రకం కాదు. ఖలాసీల షెడ్డుకు వచ్చి, నూనె మరకల బల్ల మీద వాళ్లతో సమానంగా కూర్చుని, "మీకేం అవ్వాలనుంది నాయుడుగారూ?" అని అడిగింది. పద్నాలుగేళ్లలో అతన్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు. అతను తలెత్తి కేబిన్ వైపు చూశాడు. ఇందుమతి ఆ చూపునే ఫారంలో రాసుకుంది.

ఆ సాయంత్రం దాలినాయుడు జిలేబీ పొట్లంతో కాలనీ క్వార్టరుకు చేరాడు. కూతురు కోమలి గుమ్మంలోనే ఎదురైంది.

కోమలికి తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే వినపడదు. లోపలి నరమే లేదు కాబట్టి ఏ యంత్రం పెట్టినా లాభం లేదని డాక్టర్లు తేల్చేశారు. పిల్లకు రెండేళ్లప్పుడు తల్లి జ్వరంతో పోయింది. నాయనమ్మ అప్పయ్యమ్మకు తిండికీ నిద్రకీ సరిపడా పది సైగలు వచ్చు. బడిలో అక్షరాలు గుండ్రంగా దిద్దుతుంది గానీ, ఆ అక్షరాలకీ తన లోపల ఆడే మాటలకీ పిల్లకు ముడి పడలేదు. అంచేత తండ్రీ కూతుళ్లు కలిసి ఒక భాష కట్టుకున్నారు. దానికి పునాది రేవు సైగలే. క్రేన్‌ను లేపమనే సైగ నిద్ర లేవమనడం అయింది. దించమనేది పడుకోమనడం. ఆపమనేది, కంచంలో అన్నం ఇక చాలనడం. ఆ మీద ఏడేళ్లలో ఎన్ని గదులు లేచాయో లెక్కలేదు. అబద్ధానికో సైగ, వాన ముందు వచ్చే వాసనకో సైగ, నాయనమ్మ అలకకో సైగ. అమ్మ ఎలా నడిచేదో, ఎలా తుమ్మేదో కూడా దాలినాయుడు ఆ భాషలోనే చెప్పాడు. ప్రపంచం మొత్తం మీద ఆ భాష వచ్చినవాళ్లు ఇద్దరే.

కోమలి చేతులు గబగబా కదిలాయి. కళ్లు మెరుస్తున్నాయి. ఏదో పెద్ద కథే మొదలుపెట్టింది.

దాలినాయుడు చూస్తూ నిలబడ్డాడు. వేళ్లు విచ్చుకోవడం కనిపిస్తోంది, ముడుచుకోవడం కనిపిస్తోంది. అవి వేళ్లు, అంతే. అలసటేమో అనుకున్నాడు. మొహం కడుక్కుని వచ్చి మళ్లీ చూశాడు. పిల్ల చూపుడువేలు వంచి చూపిస్తోంది, మళ్లీ మళ్లీ అదే. కొక్కెం. క్రేన్ కొక్కెం గురించి అడుగుతోందనుకుని, బానే ఉందన్నట్టు తలూపాడు. పిల్ల ముఖం చిన్నబోయింది. మళ్లీ వేలు వంచింది.

"ఒరే దాలీ, అలా గుడ్లప్పగించి సూత్తావేటి?" అని వంటింట్లోంచి అప్పయ్యమ్మ అంది. "అది నిన్ను పిలుత్తంది కదా. కొక్కెం అంటే నువ్వే కదేటి."

జిలేబీ పొట్లం ఆ రాత్రి ఎవరూ విప్పలేదు.

మర్నాడు పొద్దున్నే అతను ప్రయోగశాల గుమ్మం ముందున్నాడు. అది రేవు ఆఫీసు మీది అంతస్తు. మూసలు తీసేదీ నాటేదీ డాక్టర్ భానోజీ. ఇందుమతి కూడా పరుగున వచ్చింది.

"మా కోమలి గుంట సేతులు ఆడతన్నాయి బాబూ. నాకేటీ బోదపడ్డం నేదు" అన్నాడు దాలినాయుడు. "రేవు సైగలు మాత్రం అలాగే ఉన్నాయి. లేపు, దించు, ఆపు. ఆ నాలుగు ముక్కలే మిగిలాయి. మిగతాయన్నీ ఎక్కడికెల్పోయాయి?"

భానోజీ తెర మీద ఒక పటం తెరిచాడు. దాలినాయుడి బుర్రలో చేతులకు సంబంధించిన భాగం అది. కొన్నిచోట్ల పచ్చగా ఉంది, కొన్నిచోట్ల బూడిదరంగు.

"బుర్రలో ఖాళీ జాగా అంటూ ఉండదు నాయుడుగారూ. కొత్తది నాటాలంటే వాడుకలో లేనిదాన్ని తొలగించాలి. అందుకే నాటేముందు మూడు వారాలు మీ తలకు టోపీ పెట్టి ఉంచాం కదా. రోజంతా మీరు వాడే చోట్లు పచ్చగా వచ్చాయి. వాడనివి బీడు. ఆ బీడులోనే నాటాం. నిన్న మీరు మీటలు పట్టుకోగానే అది పూర్తిగా వేళ్లూనింది."

"రోజంతా అంటే?"

భానోజీ జవాబు చెప్పబోయి ఆగిపోయాడు. ఇందుమతి వైపు చూశాడు.

రోజంతా అంటే ఎనిమిది గంటలు. రేవు గేటు లోపల గడిచే ఎనిమిది గంటలు. టోపీని ఇంటికి కూడా పెట్టుకెళ్లాలని భానోజీ మొదట్లో అడిగాడు. యూనియన్ ఒప్పుకోలేదు. శిక్షణ పేరుతో ఇంటి సమయాన్ని ఒక్క నిమిషం కూడా ముట్టుకోకూడదని గేటు మీటింగులో పట్టుబట్టారు. ఆ షరతు న్యాయమైందేనని ఇందుమతికీ అనిపించి, తన చేత్తోనే ఒప్పందంలో చేర్చింది. ఆ మీటింగులో అందరికంటే గట్టిగా మాట్లాడినవాడు దాలినాయుడే. "గేటు దాటాక ఆ టైము మా గుంటది. దాన్నెవులూ ముట్టుకోడానికి నేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

గేటు లోపల అతను కూతురితో మాట్లాడింది లేదు. కాబట్టి పటంలో కూతురు బీడు.

"నాను కోరుకున్నదేనన్నమాట" అన్నాడు దాలినాయుడు.

వారంలోగా ఇంకా బయటపడ్డాయి. పథకంలో వించ్ ఆపరేటరుగా ఎదిగిన అసిరయ్య జాతరలో తప్పెట కట్టుకుని నిలబడ్డాడు గానీ చేతికి ఒక్క దరువూ రాలేదు. స్టోర్సులోకి ఎదిగిన ఒకావిడ వల అల్లడం మరిచిపోయింది. ఇందుమతి పథకాన్ని ఆపించింది. తప్పు తనదేనని పైకి రాసింది. ఎదగమని చెప్పి మనుషులను సగం నరికేశానని ఏడ్చింది. ఆ ఏడుపువల్ల దాలినాయుడికి ఒరిగిందేమీ లేదు. అతనికి ఆమె మీద కోపం కూడా రాలేదు. కోపానికి తీరిక ఉంటే కదా.

తీసేసిన దాన్ని తిరిగి పెట్టడానికి లేదు, ఎందుకంటే ఎవరూ దాన్ని భద్రపరచలేదు. పోనీ గౌస్ మియా నేర్పును పీకి పారెయ్యమన్నాడు. అదీ కుదరదన్నారు. కేబిన్ దిగి ఖలాసీ షెడ్డుకు వచ్చేశాడు. తను దిగినా చేతులు దిగలేదు. అన్నం కలుపుతున్నప్పుడు కూడా ఎడమ బొటనవేలు కంచాన్ని తడుతూనే ఉంది.

మళ్లీ నేర్చుకుంటానన్నాడు. సాయంత్రాలు కోమలి ఎదురుగా కూర్చునేది. కంచం సైగ చేసి కంచం చూపించేది. వాన సైగ చేసి చూరు చూపించేది. పిల్లకు అసలేం జరిగిందో తెలీదు. నాన్నకు జబ్బు చేసిందనుకుంది. రాత్రికల్లా నాలుగైదు మాటలు వచ్చేవి. తెల్లారేసరికి ఒక్కటీ ఉండేది కాదు. ఆ చోటు ఇప్పుడు మూసది, కొత్తదేదీ అక్కడ ఒక నిద్రకు మించి నిలవదని భానోజీ చెప్పాడు. వరసగా ఆరు సాయంత్రాలు దాలినాయుడు అదే కంచాన్ని కొత్తగా నేర్చుకున్నాడు. ఏడో సాయంత్రం పిల్ల కంచం తెస్తుంటే తలుపు చాటుకు వెళ్లి తల గోడకు కొట్టుకున్నాడు.

నెల తిరిగాక భానోజీ కబురు పెట్టాడు. కూతురిని కూడా తీసుకురమ్మన్నాడు. గాజుగదిలో ఇందుమతి పిల్లకు రంగు పెన్సిళ్లు ఇచ్చి కూర్చోబెట్టింది. తనలో తను మాట్లాడుకుంటున్న పిల్ల చేతుల కదలికలను కెమెరాలు పది నిమిషాలు పట్టాయి.

"దారి ఒకటుంది" అన్నాడు భానోజీ. "మూసను తొయ్యగలిగేది మరో మూసే. ఈ భాష ఇంకొకరి దగ్గర చెక్కుచెదరకుండా ఉంది. మీ అమ్మాయి దగ్గర. ఆమె నుంచి మూస తీసి మీలో నాటితే, గౌస్ మియా నేర్పు తొలగిపోతుంది, మీ మాటలు మీకు వస్తాయి. పన్నెండు రోజుల్లో."

దాలినాయుడు రెండు చేతులూ జోడించాడు. తర్వాత అడిగాడు. "దానికేటీ కాదు కదా బాబూ?"

భానోజీ మంచివాడు. అబద్ధం చెప్పలేకపోయాడు.

"పెద్దవాళ్లకైతే ఏమీ కాదు. గౌస్ మియాను చూశారుగా. పిల్లల బుర్ర అలా కాదు, ఇంకా పెరుగుతూ ఉంటుంది. మూస తీసిన చోటు అంతటితో గట్టిపడిపోతుంది. ఇవాళ ఎన్ని మాటలున్నాయో అన్నే ఉంటాయి. చేతులతో ఇక కొత్త మాట రాదు. ఈ భాషలోనే కాదు, ఏ సైగల భాషలోనూ."

"అంటే జీవితమంతా తొమ్మిదేళ్ల పిల్లలాగే మాటాడతాదా?"

"మీతో మాట్లాడుతుంది" అని ఇందుమతి మెల్లగా అంది. ఆశ పెట్టడానికి అన్నదో, సంజాయిషీకి అన్నదో ఆమెకే తెలియాలి.

దాలినాయుడు తల పట్టుకు కూర్చున్నాడు. పన్నెండు రోజులు. పన్నెండు రోజులకు పిల్ల కథ చెబితే తను వింటాడు. ఆ ఒక్క తలపుకే అతని ఒళ్లంతా లాగేసింది. పిల్ల మాటలు ఆగిపోతే ఏం, ఉన్నవి చాలవా అని కూడా అనుకున్నాడు. అనుకుని, అనుకున్నందుకు తననే అసహ్యించుకున్నాడు. ఇరవై ఏళ్ల కోమలికి బాధ కలిగితే, మనసు ఒకరి మీదికి పోతే, తనకో బిడ్డ పుడితే, ఆ మాటలు ఎక్కడ్నుంచి తెచ్చుకుంటుంది?

ఇంతలో గాజుగదిలో పిల్ల లేచింది. బల్ల మీది టోపీని చూసి తనే ఏం ఊహించుకుందో గానీ, నాన్న జబ్బుకూ ఆ టోపీకీ సంబంధం ఉందని దానికి అర్థమైంది. రెండు చేతులతో టోపీని తీసి తలకు పెట్టుకుని, తండ్రి వైపు తిరిగి నవ్వింది.

దాలినాయుడు లేచి నిలబడి రెండు చేతులూ బారజాపి అడ్డంగా ఊపాడు. రేవులో ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేసే సైగ అది. ఆపు. ఉన్నపళంగా ఆపు. అతని దగ్గర మిగిలిన మాటల్లో అదొకటి.

కోమలి టోపీ తీసేసింది. నవ్వు పోయింది. ఒక ప్రశ్న అడిగింది, చిన్నది, ఒకే ఒక్క సైగ. దారి పొడుగునా, బస్సులో, ఇంట్లో అదే అడుగుతూ ఉంది. 'ఎందుకు' అని అయ్యుంటుంది. కాకపోనూ వచ్చు. దాలినాయుడికి ఆ ప్రశ్నా తెలీదు, చెప్పడానికి జవాబూ లేదు.

నోట్‌బుక్ ఆలోచన ఇందుమతిది. నిద్ర తుడిచేసినా కాగితం తుడుచుకుపోదు కదా అంది. కోమలి బొమ్మలు బాగా వేస్తుంది. పేజీకి ఒక సైగ. చేతి బొమ్మ, పక్కనే దాని అర్థానికి ఇంకో బొమ్మ. దాలినాయుడు పొద్దున్నే లేచి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవాడు. సాయంత్రం పిల్ల మాట్లాడుతుంటే పేజీలు తిరగేసేవాడు. పిల్ల ఓపిగ్గా ఆగేది. దొరకగానే ఇద్దరూ నవ్వుకునేవారు. అప్పయ్యమ్మ కొబ్బరికాయ కొట్టింది. మూడు నెలలకు తొంభై నాలుగు పేజీలయ్యాయి. దాలినాయుడి ప్రాణం కాస్త కుదుటపడింది. ఇప్పుడు పిల్ల చెప్పేదంతా పుస్తకంలో దొరుకుతోంది. దొరకని మాటంటూ ఉండటం లేదు.

ఆ సంగతి గొప్పగా చెబుదామనే ఇందుమతి దగ్గరకు వెళ్లాడు. కోమలి నాయనమ్మతో, పిల్లితో, తనలో తను మాట్లాడుకుంటుండగా ఫోనులో తీసిన వీడియో చూపించాడు. ఇందుమతి దాన్ని ప్రయోగశాల యంత్రానికి ఇచ్చి, ఆ రోజు గాజుగదిలో తీసినదాని పక్కన పెట్టింది. తెర మీది లెక్కను రెండుసార్లు సరిచూసుకుంది.

"ఏటమ్మా?"

"మూడు నెలల కిందట పది నిమిషాల్లో మూడొందల ఎనభై రకాల సైగలు చేసింది. ఇప్పుడు గంటసేపట్లో తొంభై నాలుగు" అంది. "పిల్లితో కూడా అవే."

దాలినాయుడు చంకలోని పుస్తకం తీసి పేజీలు లెక్కపెట్టాడు.

పుస్తకంలో ఉన్నవే మాట్లాడుతోంది. నాన్న వెతుక్కోలేడని, మిగతావి మానేసింది. ఎవరూ మూస తియ్యలేదు, ఎవరూ టోపీ పెట్టలేదు. దాని భాష ఎదగాలని తను ఏదైతే వద్దన్నాడో, దాన్ని పిల్ల ప్రేమకొద్దీ తన చేతులతో తనే చేసుకుంటోంది. వాన ముందటి వాసన బొమ్మ వెయ్యడం రాక వదిలేసింది కాబోలు. వాళ్లమ్మ తుమ్ము కూడా.

"శ్రీకాకుళంలో వినపడని పిల్లల బడి ఉంది నాయుడుగారూ, హాస్టలుతో" అని ఇందుమతి అంది. "అందరూ చేతులతోనే మాట్లాడతారు. దేశమంతా వాడే భాష. అక్కడైతే ఎదుగుతుంది."

"నాకు రాదు గదా ఆ బాస."

"రాదు."

"ఎన్నటికీ?"

"ఆ చోటు మూసది కదా" అంది ఇందుమతి. దాలినాయుడు బడిలో చేర్చే ఫారం అడిగి తీసుకున్నాడు.

బయల్దేరేరోజు కోమలి మంచం కోడు పట్టుకుని వదల్లేదు. ఎందుకు పంపుతున్నాడో చెప్పాలని దాలినాయుడు పుస్తకం మూడుసార్లు తిరగేశాడు. బడి ఉంది, బస్సు ఉంది, అన్నం ఉంది. నీకోసమే అనే పేజీ లేదు. నన్ను వదిలేసి పెరుగు అనే పేజీ లేదు. చివరికి తనే వేళ్లు ఒక్కొక్కటీ విడిపించి, పిల్లను ఎత్తుకుని బస్సెక్కాడు. శ్రీకాకుళం చేరేదాకా అది అతని ముఖం వైపు చూడలేదు.

మొదటి నెల తల్లిదండ్రులను రానివ్వరు. ఐదో ఆదివారం పొద్దుటి బస్సుకు బయల్దేరాడు. దారిలో తొంభై నాలుగు పేజీలూ చదువుకున్నాడు. హాస్టలు వరండా మెట్ల మీద పదిమంది ఆడపిల్లలు చుట్టూ చేరి కూర్చున్నారు. మధ్యలో కోమలి నిలబడి ఏదో చెబుతోంది. దాలినాయుడు గేటు దగ్గరే ఆగిపోయాడు.

పిల్ల చేతులు ఆగడం లేదు. భుజాలు కదులుతున్నాయి, కనుబొమలు కదులుతున్నాయి. ఒక మాట పూర్తి కాకముందే ఇంకో మాట వచ్చిపడుతోంది. ఎదుటి పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఒకమ్మాయి ఏదో అడ్డు ప్రశ్న వేసింది. కోమలి తిరిగి చూడకుండానే దానికి జవాబిచ్చి కథలోకి వెళ్లిపోయింది. ఇంత మాటకారి అని దాలినాయుడికి తెలీదు. ఒకప్పుడు తెలుసేమో. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, కళ్లార్పితే ఏం పోతుందోనని అతను కళ్లార్పకుండా చూశాడు. ఆయా వచ్చి పిల్ల భుజం తట్టకపోతే సాయంత్రం దాకా అక్కడే నిలబడేవాడు.

కోమలి తిరిగి చూసింది. మెట్లు దూకి పరుగెత్తుకొచ్చి నడుము చుట్టేసింది. చాలాసేపటికి వదిలి, రెండడుగులు వెనక్కి వేసి, అతనికి బాగా కనపడేలా నిలబడింది.

అప్పటిదాకా ఎగురుతున్న చేతులు నెమ్మదించాయి. గుండెల దగ్గరికి తెచ్చుకుని, ఒక్కొక్క వేలే కదుపుతూ, మధ్యమధ్య అతని కళ్లలోకి చూసి ఆగుతూ, బస్సులో చోటు దొరికిందా, అన్నం తిన్నావా అని పుస్తకంలోని మూడు సైగలు చేసింది. బస్సు. చోటు. అన్నం. వెనక మెట్ల మీద ఆడపిల్లలు మిగతా కథ కోసం ఎదురుచూస్తున్నారు.

మూడూ అతనికి అర్థమయ్యాయి.